గెలాక్సీల్లో ధూళి: జమ తక్కువ, ఖర్చు ఎక్కువ
(విశాఖపట్నం ద్వారకానగర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్ళతో పాటు ఇంతమంది ఇంటర్, డిగ్రీ పిల్లలు రావడం చాలా సంతోషంగా ఉంది. నేరుగా విషయంలోకి వెళ్తాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద విరుచుకుపడింది. ఆ తర్వాత చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. నీళ్ళకీ పాలకీ పెట్రోలుకీ లైన్లు కట్టిన రోజులవి. అయినా డాబాల మీద పడుకున్నవాళ్ళు కొందరు ఆ రాత్రుల సంగతి ఇప్పటికీ చెబుతుంటారు. ఏడూ ఎనిమిది గంటలప్పుడు, చంద్రుడు ఇంకా రాకముందు, నడినెత్తిన పాలపుంత కనబడిందని. అభిజిత్, శ్రవణం నక్షత్రాల మధ్యగా సాగే ఆ తెల్లటి పట్టీ అక్కడ నిలువునా రెండు పాయలుగా చీలి ఉంటుంది. మధ్యలో నల్లటి చాలు. అక్కడ నక్షత్రాలు లేవేమో అనిపిస్తుంది. ఉన్నాయి, లెక్కలేనన్ని ఉన్నాయి. వాటికీ మనకూ మధ్య ధూళి అడ్డం పడింది, అంతే. ఈ సాయంత్రం ఆ ధూళి గురించి మాట్లాడతాను. అదేమిటి, ఎక్కడ పుట్టింది, దాని జమాఖర్చు ఎందుకు కుదరడం లేదు అన్నది నా విషయం.

ఇక్కడికి దగ్గర్లోనే డాబాగార్డెన్స్ ఉంది కదా. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు అక్కడ సొంత ఖర్చుతో ఖగోళ వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఆయన ఇక్కడి నుంచే గమనించారు. ఆ కాలంలో ప్రపంచంలో ఏ వేధశాలలో అడిగినా, నక్షత్రాల మధ్య ఉన్నది ఖాళీ జాగా అనే చెప్పేవారు. 1847లో విల్‌హెల్మ్ స్ట్రూవ అనే ఖగోళ శాస్త్రవేత్త, దూరం వెళ్ళేకొద్దీ వెలుగును ఏదో మింగేస్తోందని రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎడ్వర్డ్ బర్నార్డ్ ఆకాశంలోని నల్ల మచ్చలను ఓపిగ్గా ఫొటోలు తీశాడు. అవి నక్షత్రాలు లేని కంతలా, ముందు నిలబడ్డ మబ్బులా అన్నది చాలాకాలం తేలలేదు.

తేల్చినవాడు రాబర్ట్ ట్రంప్లర్. 1930లో, కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో. ఆయన చేసిన పని ఇంటర్ పిల్లలకు కూడా అర్థమవుతుంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. నక్షత్రాలు గుంపులుగా పుడతాయి. కృత్తికలు అలాంటి గుంపే. ట్రంప్లర్ అలాంటి గుంపులు వంద తీసుకున్నాడు. ఒక్కొక్కటి ఎంత దూరంలో ఉందో, అందులోని నక్షత్రాల వెలుగును బట్టి లెక్క కట్టాడు. మసగ్గా ఉంటే దూరం, ప్రకాశంగా ఉంటే దగ్గర. దూరం తెలిస్తే, ఆకాశంలో కనబడే వెడల్పును బట్టి గుంపు అసలు సైజు ఎంతో కూడా వచ్చేస్తుంది. వచ్చిన జవాబు వింతగా ఉంది. దూరపు గుంపులన్నీ దగ్గరి గుంపుల కన్నా పెద్దవని తేలింది! మనకు దూరంగా ఉన్నందుకే ఒక నక్షత్రాల గుంపు పెద్దదిగా పుట్టదు కదా. అంటే దూరం లెక్కే తప్పు. అవి మసగ్గా ఉన్నది దూరం వల్ల మాత్రమే కాదు, దారిలో వెలుగు తరిగిపోతోంది కూడా. పైగా దూరపు నక్షత్రాలు ఉండాల్సిన దానికన్నా ఎర్రగా ఉన్నాయి. నీలి వెలుగు ఎక్కువ పోతోంది, ఎరుపు తక్కువ పోతోంది. చిన్న చిన్న ఘన రేణువులు ఉంటేనే అలా జరుగుతుంది.

ఇప్పుడు మనకు తెలిసిన లెక్క ప్రకారం, పాలపుంత తలంలో సగటున సుమారు 3,300 కాంతి సంవత్సరాలు ప్రయాణించేసరికి, కంటికి కనిపించే వెలుగు ఐదో వంతుకు పడిపోతుంది. గెలాక్సీ కేంద్రం మనకు 26,000 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉంది. వేసవి రాత్రుల్లో మూల నక్షత్రానికి కాస్త పైన, ధనుస్సు వైపు చూస్తే అక్కడే. ఆ కేంద్రం నుంచి బయల్దేరిన మామూలు వెలుగులో మన దాకా చేరేది లక్ష కోట్లలో ఒక వంతు. దాదాపు చీకటే. అయితే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు అలల పొడవు ఈ రేణువుల సైజు కన్నా బాగా పెద్దది, అందుకని చాలావరకు దాటి వచ్చేస్తుంది. అలా ఇన్‌ఫ్రారెడ్‌లో చూసే రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ బృందాలు అక్కడి నల్ల బిలం చుట్టూ తిరిగే నక్షత్రాలను ఏళ్ళ తరబడి వెంటాడారు. 2020లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ రేణువు ఎంత ఉంటుంది? పాత ఊళ్ళో కిటికీ చువ్వ మీద వేలు పెడితే నల్లగా అంటుతుందే, ఆ ధూళిలో కంటికి విడిగా కనిపించే రేణువు పదుల మైక్రాన్లు ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నక్షత్రాల మధ్య రేణువు మైక్రాన్‌లో పదో వంతు. అందులోనూ ఇంకా చిన్నవే సంఖ్యలో ఎక్కువ. ఎంత పలచగా ఉంటాయంటే, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వంద మీటర్లు ఉన్న చోటును ఊహించుకోండి. అంత జాగాలో సగటున ఒక్క రేణువు. ఒకే ఒక్కటి. అంత పలచటి ధూళి గెలాక్సీ కేంద్రాన్ని మన కంటికి కనబడకుండా చేసిందంటే, మధ్యలో ఉన్న దూరం ఎంతటిదో మీరే ఆలోచించండి. బరువులో చూస్తే, పాలపుంతలో వాయువు 100 పాళ్ళుంటే ధూళి ఒక పాలు.

అది దేనితో తయారైందో తెలియడానికి రెండు దారులున్నాయి. మొదటిది వెలుగు. 9.7 మైక్రాన్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్ వెలుగు గట్టిగా తగ్గుతుంది. అది సిలికేట్ల గుర్తు, అంటే సిలికాన్, ఆక్సిజన్, మెగ్నీషియం, ఇనుము కలిసిన రాతి పదార్థం. అతినీలలోహితంలో 217.5 నానోమీటర్ల దగ్గర ఇంకో పెద్ద తగ్గుదల ఉంది. 1965లో బయటపడింది. అది కార్బన్ పనేనని దాదాపు అందరూ ఒప్పుకుంటారు, ఏ రూపంలోని కార్బన్ అన్నదాని మీదే వాదన. 3.3, 7.7, 11.3 మైక్రాన్ల లాంటి చోట్ల వచ్చే మెరుపులు బెంజీన్ వలయాలు అల్లుకున్న పెద్ద అణువులవి.

రెండో దారి నాకు మరీ ఇష్టం. ఏముందో కాక, ఏది మాయమైందో చూడటం. నక్షత్రాల మధ్య వాయువులో ఏ మూలకం ఎంతుందో 1970లలో కోపర్నికస్ ఉపగ్రహం కొలిచింది. సూర్యుడిలో ఉన్న పాళ్ళతో పోలిస్తే, అక్కడ ఇనుము తొంభై శాతం పైనే కనబడలేదు. సిలికాన్, మెగ్నీషియం కూడా బాగా తక్కువ. పోయినవన్నీ ఎక్కడికి పోతాయి? రేణువుల్లో ఉన్నాయి. ఈ తొంభై శాతం సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇక పుట్టుక. సూర్యుడి లాంటి నక్షత్రం ముసలిదయ్యాక ఉబ్బి, పై పొరలను గాలిలా వదిలేస్తుంది. ఆ గాలి బయటికి పోతూ చల్లబడి 1,500 డిగ్రీల లోపుకు వచ్చేసరికి అణువులు గట్టిపడటం మొదలవుతుంది. అక్కడో చక్కటి విషయం ఉంది. కార్బన్, ఆక్సిజన్ ముందు జతకట్టి కార్బన్ మోనాక్సైడ్ అయిపోతాయి. ఆ జత ఎంత గట్టిదంటే విడదీయడం చాలా కష్టం. రెండింట్లో ఏది తక్కువుంటే అది పూర్తిగా అక్కడే ఖర్చయిపోతుంది. ఆక్సిజన్ మిగిలితే ఆ నక్షత్రం సిలికేట్లు తయారుచేస్తుంది. కార్బన్ మిగిలితే మసి, సిలికాన్ కార్బైడ్. ఒక్క మిగులును బట్టి రేణువు జాతే మారిపోతుంది.

పెద్ద నక్షత్రాలూ ఈ పని చేస్తాయి. 2019 చివర్లో ఆర్ద్ర నక్షత్రం ఒక్కసారిగా మసకబారింది. పేలిపోతుందా అని లోకమంతా టెన్షన్ పడింది. పేలలేదు. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో తీసిన ఫొటోల్లో దాని దక్షిణ భాగం నల్లబడి కనిపించింది. నక్షత్రం ముందుగా ఒక ముద్ద వాయువును కక్కింది, పైన కొంత చోటు చల్లబడింది, ఆ వాయువు ధూళిగా మారి మనకు అడ్డం వచ్చింది. ధూళి పుట్టుక మన కళ్ళ ముందే నెలల్లో జరిగిపోయింది. ఆ నెలల్లో డాబా ఎక్కి ఉంటే, ఏ పరికరమూ లేకుండా మీరూ ఆ మసకను చూసి ఉండేవాళ్ళు.

ఇక పేలిన నక్షత్రాల సంగతి. 1987 ఫిబ్రవరిలో మన పక్క గెలాక్సీ పెద్ద మెగెల్లానిక్ మేఘంలో ఒక సూపర్‌నోవా కనిపించింది. 2011లో హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు అటు చూస్తే, సూర్యుడి బరువులో దాదాపు సగమంత చల్లటి ధూళి ఉంది. అంటే మన భూమి లాంటివి లక్షన్నర పైగా చేయడానికి సరిపడే ధూళి, ఒక్క పేలుడు తర్వాత పాతికేళ్ళు కూడా నిండకముందే. 2014లో ఆల్మా టెలిస్కోపులు ఆ ధూళి సరిగ్గా పేలుడు నడిబొడ్డునే ఉందని చూపించాయి. పాతది కాదు, కొత్తగా పుట్టిందే.

అయితే ఆ సూపర్‌నోవాయే ధూళికి శత్రువు కూడా. పేలుడు నుంచి బయల్దేరిన షాక్ వేవ్ సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. దారిలో ఉన్న రేణువులను వేడి వాయువు అణువణువుగా చెక్కేస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి గుద్దుకుని పొడై ఆవిరైపోతాయి కూడా. సూపర్‌నోవా తను పుట్టించిన ధూళిలో కూడా కొంత తానే తినేస్తుంది.

ఇప్పుడు పద్దు రాద్దాం. జమ వైపు: నక్షత్రాలన్నీ కలిసి పాలపుంతలోని ధూళిని కొత్తగా నింపాలంటే 200 నుంచి 300 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఖర్చు వైపు: షాక్ వేవ్‌లు ఉన్న ధూళిని తుడిచిపెట్టడానికి 40, 50 కోట్ల సంవత్సరాలు చాలు. ఈ అంకెల్లో తేడాపాడాలు ఉన్నాయి, ఒక్కో బృందం ఒక్కోలా లెక్కిస్తుంది. అయినా ఖర్చు జమకు ఎన్నో రెట్లు ఉందన్న మాట మాత్రం నిలబడుతోంది. నక్షత్రాలే ఏకైక ఆదాయమైతే, ఇనుము, సిలికాన్ లాంటి మూలకాల్లో మహా అయితే ఐదో వంతు రేణువుల్లో ఉండాలి, తక్కినదంతా వాయువులో తిరగాలి. కానీ ఇందాక చెప్పిన కొలత గుర్తుందా? ఇనుములో తొంభై శాతం పైగా రేణువుల్లోనే ఉంది.

అంటే నక్షత్రాలు కాక ఇంకో ఆదాయం ఏదో ఉంది. నేను నమ్మే జవాబు ఇది: రేణువులు నక్షత్రాల మధ్యనే పెరుగుతున్నాయి. నక్షత్రాలు ఇచ్చేది విత్తనం. అది ఒక మేఘంలోకి చేరాక, దారిలో తగిలిన సిలికాన్, ఇనుము, ఆక్సిజన్ పరమాణువులు ఒక్కొక్కటీ దానికి అంటుకుంటాయి. షాక్ వేవ్ చెక్కేస్తుంది, మేఘం మళ్ళీ పూస్తుంది. ఈ లెక్కన మనం ఇవాళ చూస్తున్న రేణువుల్లోని పదార్థం చాలావరకు నక్షత్రం దగ్గర గట్టిపడింది కాదు, చీకట్లో, చలిలో తయారైంది.

ఎందుకు నమ్ముతున్నానో చెబుతాను. వాయువు ఎక్కడ చిక్కగా ఉందో అక్కడ ఇనుము, సిలికాన్ మరింత ఎక్కువగా మాయమవుతున్నాయి. ఎక్కడ పలచగా, వేడిగా ఉందో అక్కడ తక్కువ మాయమవుతున్నాయి. రేణువులు నక్షత్రాల దగ్గరే పుట్టి ఊరికే తిరుగుతుంటే ఈ తేడా రాకూడదు. ఇంకో సాక్ష్యం, భార మూలకాలు (అంటే హైడ్రోజన్, హీలియం కాక తక్కినవి) తక్కువగా ఉన్న చిన్న గెలాక్సీలు. ఐ జ్వికీ 18 అనే గెలాక్సీ అలాంటిది. మూలకాలు తక్కువుంటే ధూళి కూడా అదే పాళ్ళలో తగ్గాలి కదా. అక్కడ అంతకన్నా బాగా తగ్గిపోయింది. అంటుకోవడానికి పరమాణువులు దొరక్క రేణువు ఎదగలేదు అనుకుంటే అది సరిపోతుంది.

కాదనేవాళ్ళ వాదన కూడా బలమైనదే, అది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు. చిక్కటి మేఘంలో రేణువు ఉష్ణోగ్రత మైనస్ 250 డిగ్రీల సెల్సియస్, ఇంకా కిందికి. అక్కడ దాని మీద ముందు పేరుకునేది నీటి మంచు, కార్బన్ మోనాక్సైడ్ మంచు. సిలికాన్ పరమాణువు వచ్చి ఆ మంచులో ఇరుక్కుంటే రాయి ఎలా అవుతుంది? అంత చలిలో సిలికేట్ కట్టు కుదురుతుందా? ప్రయోగశాలల్లో బాగా తక్కువ ఉష్ణోగ్రతల్లో సిలికేట్ లాంటి పదార్థాన్ని తయారుచేసి చూపించినవాళ్ళున్నారు. మంచు మధ్యలో అది ఎలా సాగుతుందన్నది ఇంకా తేలలేదు. అసలు షాక్ వేవ్‌ల ఖర్చునే ఎక్కువ అంచనా వేస్తున్నామేమో అనేవాళ్ళూ ఉన్నారు.

తొలి గెలాక్సీలు ఈ తగువును ఇంకా పెంచాయి. విశ్వం పుట్టిన 70 కోట్ల సంవత్సరాలకే ఏ1689-జెడ్‌డి1 అనే గెలాక్సీలో ధూళి ఉందని 2015లో తేలింది. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు, మొదటి వంద కోట్ల సంవత్సరాల లోపు గెలాక్సీల్లో ఆ 217.5 నానోమీటర్ల కార్బన్ గుర్తును పట్టుకుంది. సూర్యుడి లాంటి నక్షత్రం ముసలిదవడానికి వందల కోట్ల సంవత్సరాలు కావాలి. అంత టైము అప్పటికి గడవలేదు. సూపర్‌నోవాలు, తొందరగా బతికి పోయే మహా నక్షత్రాలు, మేఘాల్లో వేగంగా జరిగిన పెరుగుదల, వీటిలోనే జవాబు వెతకాలి.

నక్షత్రం దగ్గర పుట్టిన రేణువును చేత్తో పట్టుకోగలమా? పట్టుకున్నారు. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ ఊరి దగ్గర ఒక ఉల్క పడింది. దాని ముక్కను పొడి చేసి, ముద్ద చేసి, ఆమ్లాల్లో నానబెడతారు. పొడి చేసినప్పుడు కుళ్ళిన వేరుశనగ ముద్ద వాసన వేస్తుందని ఆ పని చేసినవాళ్ళు చెప్పారు. ఆమ్లం రాతినంతా కరిగించేస్తుంది. అడుగున మిగిలే కొద్దిపాటి మడ్డిలో సిలికాన్ కార్బైడ్ రేణువులు ఉంటాయి, ఎంత ఆమ్లమైనా చెక్కుచెదరనివి. వాటిలో కార్బన్-12, కార్బన్-13 అనే రెండు రకాల కార్బన్ పాళ్ళు కొలుస్తారు. మన సౌరకుటుంబంలో ఎక్కడ కొలిచినా ఆ నిష్పత్తి 89కి అటూ ఇటూగా ఉంటుంది. ఈ రేణువుల్లో చాలావాటికి 40 నుంచి 80 మధ్య వస్తుంది, కొన్నింటికి వందలు, వేలు. అంటే సూర్యుడు పుట్టకముందే వేరే నక్షత్రాల దగ్గర గట్టిపడ్డవి. 2020లో అలాంటి 40 రేణువుల వయసు లెక్కగట్టారు. అంతరిక్షంలో తిరుగుతూ కాస్మిక్ కిరణాలు తగిలినకొద్దీ వాటిలో ఒక రకం నియాన్ పోగవుతుంది. అది ఎంత పోగైందో చూసి చెప్పిన వయసు. అన్నిటికన్నా పాతది సుమారు 700 కోట్ల సంవత్సరాలది. సూర్యుడి వయసు 460 కోట్లే.

ఇలాంటి రేణువులు ఉల్కల్లో చాలా అరుదు, పది లక్షల పాళ్ళలో కొన్ని పాళ్ళు, మహా అయితే కొన్ని వందల పాళ్ళు. తక్కిన పదార్థమంతా పాత జాడలు చెరిగిపోయి కలగలిసిపోయింది. అందుకే ఒక్క రేణువు దొరికినా దానికి అంత విలువ.

(సభలో ఒక అమ్మాయి లేచి, ధూళి లేకపోతే ఏమయ్యేదని అడిగింది.)

మంచి ప్రశ్న తల్లీ. రెండు హైడ్రోజన్ పరమాణువులు ఖాళీ జాగాలో ఎదురుపడితే వాటంతట అవి జతకట్టలేవు. కలిసినప్పుడు పుట్టే శక్తిని ఎక్కడో వదిలించుకోవాలి, లేకపోతే మళ్ళీ విడిపోతాయి. రేణువు ఉపరితలం మీదకు చేరితే ఆ శక్తిని రేణువు తీసుకుంటుంది, జత నిలుస్తుంది. మన గెలాక్సీలో హైడ్రోజన్ జతలు దాదాపు అన్నీ ఇలా తయారైనవే. ఆ మేఘం లోపలికి అతినీలలోహిత కిరణాలు రాకుండా అడ్డుకునేది కూడా ధూళే. అప్పుడే మేఘం చల్లబడి కుంగి నక్షత్రం అవుతుంది. కొత్త నక్షత్రం చుట్టూ తిరిగే పళ్ళెంలో రేణువులు ఒకదానికొకటి అంటుకుని గులకరాళ్ళై, కొండలై, చివరికి గ్రహాలవుతాయి. మన పాదాల కింద ఉన్న నేల అలా వచ్చిందే.

(ఇంకొకరు, మన దేశంలో దీని మీద పని జరిగిందా అని అడిగారు.)

జరిగింది, అదీ మన తెలుగు నేల మీంచే. చల్లటి ధూళి మింగిన వెలుగును తిరిగి 100, 200 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్‌లో వదులుతుంది. గాలిలోని నీటి ఆవిరి దాన్ని కిందికి రానివ్వదు. అందుకని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు హైదరాబాద్ నుంచి పెద్ద బెలూన్లకు మీటరు వ్యాసం ఉన్న టెలిస్కోపు కట్టి, 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపేవారు. రాత్రంతా నక్షత్రాలు పుట్టే మేఘాలను కొలిచి, టెలిస్కోపును పారాచూట్ మీద దింపి, పడిన చోటికి వెళ్ళి తెచ్చుకునేవారు.

(ఒక డిగ్రీ విద్యార్థి, మేము ఇంటి దగ్గర నుంచి ఏం చేయగలం అని అడిగాడు.)

ట్రంప్లర్ చేసిందే చెయ్యి బాబూ. గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల దూరాలు, రంగులు, ప్రకాశాలు ఇంటర్నెట్లో అందరికీ ఉచితంగా ఉన్నాయి. ముందు కృత్తికలు తీసుకో. అవి దగ్గర, దారిలో ధూళి తక్కువ. వాటి రంగులకు, ప్రకాశాలకు ఒక గ్రాఫ్ గీయి. తర్వాత పర్షియస్ నక్షత్రమండలంలోని జంట గుంపు తీసుకో. అది సుమారు 7,500 కాంతి సంవత్సరాల దూరంలో, పాలపుంత తలానికి దగ్గరగా ఉంది. డిసెంబరులో భీమిలి దాటి చీకటి ఉన్న చోటుకు వెళ్తే బైనాక్యులర్స్‌లో కూడా కనబడుతుంది. దాని గ్రాఫ్‌ను కృత్తికల గ్రాఫ్ మీద పెట్టు. దూరం తేడాను సరిచేశాక కూడా అది ఎరుపు వైపు జరిగి, కిందికి దిగి ఉంటుంది. ఎరుపు వైపు ఎంత జరిగిందో B-V అనే రంగు కొలతలోకి మార్చి (గయా సొంత రంగులకు గుణకం వేరు), మామూలు వెలుగుకు దాన్ని సుమారు 3.1తో గుణిస్తే, ధూళి ఎంత వెలుగు మింగిందో మాగ్నిట్యూడ్లలో, అంటే నక్షత్రాల ప్రకాశాన్ని కొలిచే ప్రమాణంలో, వస్తుంది. నీకు 1.7కి దగ్గరగా జవాబు వస్తే లెక్క సరిగ్గా చేసినట్టే.